మా వారి మంచూ, నా మంచూ

తెలుగులో మాటలకి కరువు లేదంటారు. పప్పుకీ, పులుసుకీ, పచ్చడికీ వూరూరా వేరు వేరు పేర్లు పెట్టుకున్నవాళ్ళం మనం. అలాంటివాళ్ళం మంచు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మహా పొదుపు చూపించాం. తెల్లవారుజామున పొలాల మీద పొగలా కమ్ముకునేదీ మంచే. గడ్డిపరక కొసన బొట్టులా నిలిచేదీ మంచే. హిమాలయ శిఖరాల మీద ఏడాది పొడుగునా కరగకుండా కూర్చునేదీ మంచే. హిమమనీ, తుషారమనీ, నీహారమనీ పండితులు పేర్లు పెట్టారు గాని, ఆ మాటలు పుస్తకాలు దిగి మా వంటింటిదాకా రాలేదు.

మాటకేముంది, సర్దుకుపోవచ్చు అనుకుంటారేమో. సంసారంలో అంత తేలిగ్గా సర్దుకోదు. మంచు బాగుంటుందని మా వారూ, బాగుండదని నేనూ నలభై ఏళ్ళు వాదించుకున్నాం. తీరా లెక్క తేల్చి చూసుకుంటే ఇద్దరం ఒకే మంచు గురించి మాట్లాడుకోలేదు.

నా పుట్టిల్లు భీమునిపట్నం. మేడ మీద నిలబడితే సముద్రం కనిపించేది. సముద్రం పక్కన పుట్టినవాళ్ళకి చలంటే ఏమిటో సగమే తెలుస్తుంది. పగలు తాగిన ఎండవేడిని నీరు రాత్రంతా నెమ్మదిగా వదులుతూ వుంటుంది కాబట్టి, డిసెంబరులో కూడా మాకు ఒక పల్చటి దుప్పటి చాలేది. అలాంటి దాన్ని 1983లో పెళ్ళయి చోడవరం వచ్చాను. అప్పుడది విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీశాక అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. జిల్లా మారింది గాని మంచు మారలేదు.

మా వూరు సముద్రానికి దూరంగా, తూర్పు కనుమల వైపు వుంది. చుట్టూ వరీ, చెరకూ. శారదానదీ, దాన్లో కలిసే బొడ్డేరూ, కాలవలూ, చెరువులూ వున్న చోట నేలలో తడికి కొదవేముంది? కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చిందంటే ఆకాశం శుభ్రపడుతుంది. మబ్బుల దుప్పటి లేని రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేసి చల్లబడిపోతుంది. కొండల మీది చల్లగాలి బరువుగా పల్లానికి జారుతుంది. గాలిలోని తడి ఇక ఆవిరిగా వుండలేక, కంటికి ఆనని నీటి రేణువులుగా మారి, నేలని అంటిపెట్టుకుని తేలుతుంది. అదే మా పొగమంచు.

ఈ సంగతులన్నీ నాకు చెప్పింది మా వారే. ఆయన హైస్కూల్లో సైన్సు మాష్టారు. కొత్త పెళ్ళానికి చెప్పడానికి వేరే కబుర్లేమీ లేనట్టు, ఒకనాడు తెల్లారగట్ల నన్ను లేపి, అరుగు మీద నిలబెట్టి, మంచు ఎలా పుడుతుందో పాఠం చెప్పారు. నా పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"అర్థమైందా?" అన్నారు.

"అయింది. లోపలికి వెళ్దామా?" అన్నాను.

మా వాదానికి పునాది ఆ రోజునే పడింది.

ఆయనకి మంచంటే ప్రాణం. ధనుర్మాసం నెల్లాళ్ళూ ఆయనకి పండగే. అయిదింటికి లేచి, చెవులకి మఫ్లరు చుట్టుకుని, టార్చిలైటు పుచ్చుకుని బయల్దేరేవారు. బస్టాండు దగ్గర టీకొట్టు దాకా వెళ్ళి, తన ఈడువాళ్ళతో ఒక గ్లాసు టీ తాగి, చెరకు తోటల వైపు ఒక చుట్టు చుట్టి, ఏడున్నరకి ఇల్లు చేరేవారు. వచ్చాక వర్ణనలు. గోవాడ పంచదార ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు బళ్ళు ముందు గంటల చప్పుడుగా, తరవాత లాంతరు మసక వెలుగుగా, ఆఖర్న ఎద్దుల మొహాలుగా మంచులోంచి బయటికి వచ్చేవిట. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడిలో గంట వినిపిస్తుందిట గాని గుడి కనిపించదుట. బెల్లం వండే పాక దగ్గర పెనం మీది ఆవిరీ బయటి మంచూ కలిసిపోయి, ఏది తీపో ఏది చలో తెలియదుట.

"ఒక్కసారి నువ్వూ రావోయ్, చూద్దువు గాని" అనేవారు.

ఎలా వెళ్తాను? ఆయన మంచులోకి వెళ్ళే వేళకే నా మంచు మొదలయ్యేది. వేళ్ళు కొంకర్లు పోయే చన్నీళ్ళతో వాకిలి కడిగి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టాలి. ధనుర్మాసం కాబట్టి నాలుగు గీతలు గీసి లేవడానికి వీల్లేదు. ముగ్గుపిండి తడివేళ్ళకి అంటుకుని, గీత గీతలా పడక ముద్దలు కట్టేది. తరవాత కట్టెలు. రాత్రి పెరట్లో వున్న కట్టెలు మంచుకి చెమ్మగిల్లి, రాజుకోక, ఇల్లంతా పొగ. ఆ పొగలో కాగు నిండా నీళ్ళు కాగాలి. మా అత్తగారికి ఆరింటికల్లా కాఫీ పడాలి. పాలవాడేమో, "దారి అగుపించలేదమ్మగోరూ, మంచట్టేసింది" అంటూ ఏడింటికి తాపీగా వచ్చేవాడు. ఆ నెలల్లో పెరుగు తోడుకోదు. ఇడ్లీ పిండి పొంగదు. కొబ్బరినూనె సీసాలో రాయిలా బిగుసుకుపోతుంది. ఇవాళ వుతికిన బట్ట ఎల్లుండికి గాని ఆరదు. చంటిపిల్ల వున్న ఇంట్లో ఆ కష్టం ఎలాంటిదో తల్లులకి చెప్పనక్కర్లేదు.

ఏడున్నరకి మా వారు వచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి వేన్నీళ్ళు అడిగి, "ఆహా, ఇవాళ మంచు ఎంత బాగుందనుకున్నావ్!" అనేవారు. పొగకి ఎర్రబడ్డ కళ్ళతో ఆయన్ని ఒక చూపు చూసేదాన్ని. ఆ చూపుకి కొండ మీది మంచు కూడా కరిగి వుండాలి. మా వారు మాత్రం కరగలేదు.

మా ఇంట్లో ఈ విషయం మీద న్యాయంగా మాట్లాడిన మనిషి మా మామగారొక్కరే. ఆయనకి రెండెకరాల చెరకూ, పది మామిడిచెట్లూ వుండేవి. చలి రాత్రులు చెరకుకి మేలు. ఎదుగుదల తగ్గి గడలో తీపి నిలవ చేరుతుంది, బెల్లం బాగా దిగుతుంది. కాని అదే చెమ్మ కట్టిన బెల్లం దిమ్మకి తగిలితే దిమ్మ చెమర్చి మెత్తబడుతుంది. అనకాపల్లి మార్కెట్టులో ధర కట్టేవాళ్ళు దాని రంగు చూసి పెదవి విరుస్తారు. ఇక మామిడి సంగతి మరీ సున్నితం. పొద్దెక్కినా మంచు విడవకుండా పూతని పట్టుకుని వుంటే బూడిద తెగులు వస్తుంది. తేనెమంచు పురుగు చేరిందంటే పూత మాడి రాలిపోతుంది. అంచేత మామగారు చెరకు వైపు తిరిగినప్పుడు మంచుని దీవించి, మామిడి వైపు తిరిగినప్పుడు తిట్టేవారు. ఒకే నోటితో, ఒకే పూట. ఎవరేమన్నా అడిగితే, "అది మన కోసం పడుతుందేవిట్రా? మనం ఎక్కడ నించున్నామో అదీ లెక్క" అనేవారు. అప్పట్లో ఆ మాట నేను అంతగా పట్టించుకోలేదు.

కాలం మారింది. గ్యాసు వచ్చింది, గీజరు వచ్చింది. కట్టెల బాధ వదిలింది. వాకిలి మాత్రం వాకిలే, చీకటి చీకటే.

2017లో మా వారు రిటైరయ్యారు. ఆ మరుసటి జనవరిలో, "నీకు అసలు మంచు చూపిస్తాను పద" అని లంబసింగి ప్రయాణం కట్టారు. నర్సీపట్నం మీదుగా ఘాటీ ఎక్కితే, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున చింతపల్లి దారిలో వుందా వూరు. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లా. ఆంధ్రా కాశ్మీరని పత్రికలవాళ్ళు పేరు పెట్టాక జనం కార్లు కట్టుకుని తండోపతండాలుగా వెళ్తున్నారు. అక్కడివాళ్ళు పెట్టుకున్న పాత పేరు కొర్రబయలు. రాత్రి బయట వుండిపోయినవాడు కొర్రులా బిగుసుకుపోతాడని ఆ పేరుకి అర్థం చెబుతారు. కాశ్మీరు పేరు చూడ్డానికి వచ్చినవాళ్ళు పెట్టింది, కొర్రబయలు వుంటున్నవాళ్ళు పెట్టుకున్నది. పేర్లలోనే అంతా వుంది.

కొన్ని రాత్రులు అక్కడ చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. గడ్డి మీద తెల్లగా పేరుకోవడమూ కద్దు. కాని ఆకాశంలోంచి దూదిలా రాలే మంచు కాదది. అదీ మా చోడవరం పొగమంచుకి పెద్దన్నే. మా వారు కారు దిగి, చేతులు చాచుకుని మబ్బులోకి నడిచి వెళ్ళిపోయారు. నేను రోడ్డు పక్క చలిమంట దగ్గర టీ అమ్ముతున్న ఆవిడ పక్కన కూర్చున్నాను.

"మీకు ఈ మంచు బాగుంటుందా?" అని అడిగాను.

ఆవిడ నవ్వి, "మీకు ఒక్క పూటమ్మా. మాకు నాలుగు నెల్లు" అంది.

ఆ ఒక్క మాటకి నాకు ఆవిడ మీద అక్కచెల్లెళ్ళకి వుండేంత ప్రేమ పుట్టుకొచ్చింది. తిరుగు ప్రయాణంలో మా వారికి చెప్పాను. ఆయన, "మంచి మాట" అన్నారు గాని, ఆ మాట తనదాకా తెచ్చుకోలేదు.

ఇక అమెరికా సంగతి. మా అమ్మాయీ అల్లుడూ మినియాపొలిస్‌లో వుంటారు. పురుడు పోయడానికని 2022 అక్టోబరులో బయల్దేరి వెళ్ళాం. ఆరు నెలల మకాం. మా వారి ఉత్సాహం చూడాలి! విమానం ఎక్కిన దగ్గర్నుంచీ, మంచు రేకుకి ఆరు మూలలు ఎందుకుంటాయో, ఎన్ని డిగ్రీలకి ఏ ఆకారం కడుతుందో ఒకటే పాఠం. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. చోడవరం మంచుకే వొణికి చచ్చేదాన్ని, అక్కడ సున్నాకి ఇరవై డిగ్రీలు దిగువకి పోవడం కూడా వింత కాదంటుంటే ఎలా బతుకుతానా అని.

నవంబరులో ఒకనాడు పొద్దున్న లేచేసరికి కిటికీ తెల్లగా వుంది. ముందు పొగమంచే అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూద్దును గదా, ఇంటి కప్పులూ, కార్లూ, చెట్ల కొమ్మలూ, చెత్తడబ్బా మూతలూ అన్నీ తెల్లటి దుప్పటి కింద నిద్రపోతున్నాయి. ఇంకా రాలుతూనే వుంది. చప్పుడు లేదు. వానకి చప్పుడుంటుంది, ఎండకి కూడా మన వైపు ఒక చిటపట వుంటుంది. దీనికి ఏమీ లేదు. అప్పుడే పడ్డ మంచులో గాలి గదులు బోలెడు వుంటాయనీ, అవి చప్పుళ్ళని మింగేస్తాయనీ మా వారే చెప్పారు. నేను అరగంట అక్కడే నిలబడ్డాను. కాలి కింద వెచ్చటి చెక్క నేల. కుళాయి తిప్పితే వేన్నీళ్ళు. కడగవలసిన వాకిలి లేదు, అది మంచు కింద ఎక్కడో వుంది. నా జన్మలో మొదటిసారి మంచుకేసి చూస్తూ చేతులు కట్టుకుని నిలబడడం అదే.

ఆ చలికాలం మంచు మామూలుగా పడలేదు. మొత్తం 90 అంగుళాలు దాటింది. ఆ నగరంలో లెక్కలు రాయడం మొదలుపెట్టాక అంతకన్నా ఎక్కువ పడ్డ చలికాలాలు రెండేనట. జనవరి మొదటి వారంలో అడుగు పైన పడింది. ఏప్రిల్ ఒకటో తారీఖున కూడా పడింది. మన వైపు "మంచు కురిస్తే చెరువులు నిండుతాయా?" అని సామెత. ఆ సామెత అక్కడ చెల్లదు. పది అంగుళాల మంచు కరిగితే సుమారు ఒక అంగుళం వానతో సమానం. వసంతంలో ఆ కొండలన్నీ కరిగితే చెరువులు నిండడమే కాదు, ఏర్లు పొంగుతాయి. ఈ మాట మా వారితో నేనే అన్నాను. సైన్సు మాష్టారికి పాఠం చెప్పే అవకాశం మళ్ళీ మళ్ళీ రాదు కదా.

కాని ఆయన నవ్వలేదు. అప్పటికే ఆయనకి నవ్వు తగ్గింది.

మొదటి వారం ఆయన నాకన్నా ముందే లేచి, ఒకదాని మీద ఒకటి నాలుగు చొక్కాలు తొడుక్కుని, తలుపు తీసుకుని వాకింగుకి బయల్దేరారు. వీధి మలుపు దాకా వెళ్ళి, జారి, కంచె పట్టుకుని నిలదొక్కుకుని వెనక్కి వచ్చారు. "పెంగ్విను పక్షిలా చిన్న చిన్న అడుగులు వేయాలి నాన్నా" అని అమ్మాయి నేర్పబోయింది. ఇంటి ముందు కాలిదారి మీద మంచు తీసెయ్యడానికి ఆ నగరంలో ఇంటివాళ్ళకి ఇరవై నాలుగు గంటల గడువు. పార పట్టుకుంటే అల్లుడు పరుగున వచ్చి, "వద్దు మావయ్యగారూ, పెద్దవాళ్ళు ఈ పని చేస్తే గుండె మీద భారం పడుతుందని డాక్టర్లు చెబుతారు" అని లాక్కున్నాడు. బలవంతాన ఒకనాడు నగరం నడిబొడ్డుకి తీసుకెళ్ళి, మేడకీ మేడకీ మధ్య గాలిలో కట్టిన గాజు వంతెనల్లో నడిపించాడు. చలి తగలకుండా మైళ్ళకి మైళ్ళు అలా నడవచ్చు. "ఆస్పత్రి వరండాలో తిప్పినట్టుంది" అన్నారు మా వారు. టీకొట్టు లేదు. పలకరించే మనిషి లేడు. కనిపించీ కనిపించకుండా వచ్చే బండీ లేదు, వినిపించే గంటా లేదు. సాయంత్రం అయిదింటికల్లా చీకటి.

నాకేమో రోజులు తెలియడం లేదు. మనవడి స్నానం, వాడి నిద్ర, మధ్యలో కిటికీ. ఎదురింటి ముసలావిడ నాకు బూట్లు ఎలా కట్టుకోవాలో, ఏ మంచు మీద కాలు వేయొచ్చో నేర్పింది. ఆవిడ మాట నాకు సగం అర్థమయ్యేది, నా మాట ఆవిడకి అదీ అయ్యేది కాదు. అయినా ఇద్దరం కలిసి వీధి చివరి దాకా వెళ్ళి వచ్చేవాళ్ళం. ఒక ఆదివారం అమ్మాయి మమ్మల్ని హేరియట్ చెరువుకి తీసుకెళ్ళింది. నాలుగు అంగుళాల గట్టి గడ్డ కడితే మనిషి నడవచ్చని అక్కడివాళ్ళ లెక్క. ఆ జనవరిలో దాని మీద పిల్లలు పరుగులు పెడుతున్నారు. నేను అమ్మాయి చెయ్యి పట్టుకుని చెరువు మధ్య దాకా నడిచాను. భీమిలి సముద్రంలో మోకాలి లోతు కూడా దిగనిదాన్ని! వెనక్కి తిరిగి చూస్తే, మా వారు గట్టు మీద జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడి వున్నారు.

2023 భోగి అక్కడే వచ్చింది. మనవడికి భోగిపళ్ళు పోద్దామంటే రేగుపళ్ళు ఎక్కడ దొరుకుతాయి? అమ్మాయి ఎర్రటి క్రాన్‌బెర్రీ పళ్ళు తెచ్చింది. చిల్లర డబ్బులు కలిపి దిష్టి తీసి పోశాం. భోగిమంటకి మాత్రం వుపాయం లేదు. అల్లుడు హాల్లో గ్యాసు పొయ్యి స్విచ్చి నొక్కి, "ఇదిగో మావయ్యగారూ, మన భోగిమంట" అన్నాడు. పాపం, మంచి మనసుతోనే అన్నాడు. మా వారు దాని ముందు కుర్చీ వేసుకుని ఆ నీలం మంటకేసి చాలాసేపు చూశారు. ఆ రోజంతా ఆయన పది మాటలు మాట్లాడి వుండరు. అప్పుడు నాకు భయం వేసింది.

ఫిబ్రవరిలో అమ్మాయి అసలు సంగతి ఎత్తింది. తనకి అక్కడి పౌరసత్వం వచ్చింది కాబట్టి మా ఇద్దరికీ గ్రీన్‌కార్డుకి దరఖాస్తు పెడతాననీ, ఇక చోడవరంలో ఒంటరిగా వుండవద్దనీ. "మీకేమైనా అయితే నేను ఇరవై నాలుగు గంటల ప్రయాణం దూరంలో వుంటాను. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టదు" అని ఏడ్చింది. నా మనసు వెంటనే ఒప్పుకుంది. మా వారు, "చూద్దాంలే" అన్నారు. ఆయన చూద్దాంలే అంటే లేదని అర్థం.

ఆ రాత్రి గదిలో నేనే కదిపాను.

"పిల్ల అంతగా అడుగుతుంటే ఏమిటండీ మీ అభ్యంతరం?"

"ఈ మంచులో నేను వుండలేను."

"మంచా! మంచంటే మీకు ప్రాణం కదా?"

"ఇది మంచు కాదు. కర్ఫ్యూ." కాసేపాగి అన్నారు: "నీకు మాత్రం ఇన్నాళ్ళకి మంచు మంచిదయిపోయింది. మన వూరి మంచు ఏ పాపం చేసింది?"

నేను కోపంగా ఏమీ అనలేదు. నలభై ఏళ్ళుగా లోపల వున్న మాటే, తీరుబడిగా బయటికి వచ్చింది.

"మన వూళ్ళో మంచు పడితే మీకు వీధి తెరుచుకునేది, నాకు వాకిలీ వంటిల్లూ మిగిలేవి. ఇక్కడ మంచు పడితే నాకు పని తప్పింది, మీకు వీధి మూసుకుపోయింది. ఎవర్ని కట్టేస్తే వాళ్ళకి మంచు పగ. ఇందులో దాని పాపం ఏమీ లేదు."

ఆయన జవాబు చెప్పలేదు. దీపం ఆర్పేశాం. చాలాసేపటికి, నిద్రపోయారనుకున్న మనిషి, "లంబసింగిలో ఆవిడ చెప్పిందీ అదే కదూ" అన్నారు. చీకట్లో నాకు మా మామగారి మాట కూడా గుర్తుకొచ్చింది. మనం ఎక్కడ నించున్నామో అదీ లెక్క.

ఏప్రిల్లో తిరిగి వచ్చేశాం. గ్రీన్‌కార్డు మాట అమ్మాయి మళ్ళీ ఎత్తలేదు గాని, ఫోనులో దాని గొంతులో ఆ అడగనిది వినిపిస్తూనే వుండేది.

ఆ ఏడు డిసెంబరులో ధనుర్మాసం పట్టింది. మొదటి రోజు అయిదింటికి లేచి చూస్తే పక్క మీద మా వారు లేరు. వాకిట్లో చప్పుడు. రిటైరైన హెడ్మాష్టారు మఫ్లరు చుట్టుకుని, పంచె ఎగ్గట్టి, బక్కెట్టుతో వాకిలి కడుగుతున్నారు! పక్కింటావిడ గుమ్మంలో నిలబడి నోరు నొక్కుకుంటోంది. "మీరెందుకండీ?" అంటే, "నువ్వు మఫ్లరు కట్టుకో. టీకొట్టు దాకా వెళ్దాం" అన్నారు. నాలుగో రోజుకి మంచు మీద ఆయన వర్ణనలు కొంచెం తగ్గాయి. ఆరో రోజున, "ఈ నీళ్ళు ఇంత చల్లగా ఎప్పుడూ వుండేవా?" అని అడిగారు. "ఎప్పుడూ వుండేవి" అన్నాను.

నేను కూడా ఆయన వెంట వెళ్ళాను. చెరకు బళ్ళు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. ఎద్దుల మొహాలు లేవు. కాని గుడి గంట నిజంగానే వినిపించింది, గుడి నిజంగానే కనిపించలేదు. చెరకాకుల మీదినుంచి బొట్లు రాలుతున్న చప్పుడు విన్నాను. బాగుంది. ఆయన నా మొహంకేసి పరీక్ష పేపరు దిద్దినట్టు చూస్తూ, "ఎలా వుంది?" అన్నారు. "వేన్నీళ్ళు ఎవరు కాచారన్న దాన్ని బట్టి వుంటుంది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

అమ్మాయి విషయం అంత తేలిగ్గా తేలలేదు. వుండిపోవడానికి ఆయన రాలేరు, పిల్లని విడిచి వుండడానికి నా మనసొప్పదు. చివరికి 2024లో ఒక ఏర్పాటు చేసుకున్నాం. అక్టోబరులో నేనొక్కదాన్నీ వెళ్ళి, మనవడితో మంచు చూసి, భోగికల్లా వచ్చేస్తాను. జూన్‌లో, చెరువులన్నీ నీళ్ళయ్యాక, ఇద్దరం కలిసి వెళ్తాం. అప్పుడాయన హేరియట్ చెరువు చుట్టూ ఎన్ని చుట్లు కావాలంటే అన్ని తిరగొచ్చు. పెళ్ళయిన తరవాత ఆయన్ని వదిలి మూడు నెలలు వుండడం అదే మొదలు. విమానం ఎక్కేటప్పుడు ఇద్దరికీ గొంతు పెగల్లేదు. బంధువుల్లో కొందరు, "ఈ వయసులో మొగుణ్ణి వదిలి వెళ్ళడమేమిటి?" అన్నారు. అనేవాళ్ళకి వాకిలీ వాళ్ళది కాదు, మనవడూ వాళ్ళ మనవడు కాదు.

మేం మొదటిసారి వెళ్ళిన నాటి అంత మంచు ఆ తరవాతి రెండు చలికాలాల్లో మళ్ళీ పడలేదు. అయినా పడ్డప్పుడల్లా ఫోను చేస్తాను. అక్కడ రాత్రి ఏడైతే ఇక్కడ తెల్లవారి ఆరున్నర. ఆయన టీకొట్టు నుంచి వచ్చే వేళ.

"మంచు పడిందా?" అంటారాయన.

"పడింది. అక్కడ?"

"బ్రహ్మాండంగా పడింది. ఎదురిల్లు కనిపించడం లేదు."

ఆ మాటకి అక్కడ అర్థం వేరు, ఇక్కడ అర్థం వేరు అని ఇద్దరికీ తెలుసు. అంచేత ఇప్పుడు వాదం రావడం లేదు. నేను మాత్రం ఒక్క ప్రశ్న మరిచిపోకుండా అడుగుతాను.

"వాకిలి కడిగారా?"

"కడిగాను."

"ముగ్గో?"

"నాలుగు గీతలు గీశాలే. ఈ మంచులో ఎవరికి కనిపిస్తుంది?"